సైడ్ అద్దాలకు ఫిల్మ్ మనమే వేసుకోవచ్చా? ఒక అద్దం పాడయ్యాక వచ్చిన ప్రశ్న

ప్రశ్న: కారు డోర్ల కిటికీ అద్దాలకు (సైడ్ అద్దాలకు) ఎండ ఆపే రంగు ఫిల్మ్ నేనే వేసుకుందామని రోల్ కొన్నాను. ఇంతకుముందు ఎప్పుడూ చేయలేదు. డ్రైవర్ డోర్‌తో మొదలుపెట్టాను. మధ్యాహ్నమంతా కష్టపడ్డాక చూస్తే అద్దం నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు, కింది మూలలో ఒక మడత, అంచుల వెంబడి బుడగలు. బుడగల్ని సూదితో గుచ్చి నొక్కేయమని ఒకరు, ఎండలో పెడితే అవే పోతాయని ఇంకొకరు చెబుతున్నారు. మిగతా మూడు అద్దాలు వేయాలంటేనే టెన్షన్‌గా ఉంది. దీన్ని సరిచేసే దారి ఉందా, లేక పీకేసి షాపుకి ఇచ్చేయడమే మంచిదా? ఎంత ముదురు రంగు వేసుకోవాలో కూడా చెప్పండి.

సమాధానం: ముందు ఆ సూది పక్కన పెట్టేయండి. ఫిల్మ్‌కి పడిన చిల్లు పూడదు, అటువైపు నుంచి ఎండ పడ్డప్పుడల్లా చుక్కలా మెరుస్తూ కళ్లలో పడుతుంది. ఇక ఎండలో పెడితే పోతాయన్న మాట సగం నిజం. పోయేవి ఉన్నాయి, ఎన్నాళ్లున్నా పోనివి ఉన్నాయి, మీ అద్దం మీద రెండు రకాలూ ఉన్నట్టున్నాయి.

వేలితో మెల్లగా నొక్కి చూడండి. నొక్కినప్పుడు బుడగ ఆకారం మారుతూ పక్కకి జరుగుతుంటే అందులో ఉన్నది నీళ్లు. ఫిల్మ్‌లోంచి ఆ తేమ కొద్దికొద్దిగా బయటికి ఆరిపోతుంది, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకూ పట్టొచ్చు, దాన్ని ముట్టుకోకపోవడమే వైద్యం. మధ్యలో గట్టిగా ఒక గింజ తగులుతూ, దాని చుట్టూ ఫిల్మ్ చిన్న గుడారంలా లేచి ఉంటే అది దుమ్ము. అది పోదు. మడత కూడా అంతే, ఒకసారి ఫిల్మ్ విరిగి తెల్లటి గీత పడిందంటే హీట్ గన్ (వేడిగాలి ఊదే పరికరం) పెట్టినా ఆ గీత మిగులుతుంది. మీరు రాసిన 'ఇసుక చల్లినట్టు' అన్న మాటను బట్టి చూస్తే ఆ అద్దం మీద ఇంకా టైమ్ పెట్టడం వృథా. తీసేసి మళ్లీ వేయడమే నయం.

షాపుకి ఇచ్చేయాలా అంటే, సైడ్ అద్దాలకైతే అక్కర్లేదని నా నమ్మకం. వెనక పెద్ద అద్దం గురించి అడిగి ఉంటే వద్దనేవాణ్ని, ఎందుకంటే అది రెండు దిక్కుల్లోనూ వంగి ఉంటుంది, ఫిల్మ్‌ని ముందే వేడిచేసి ముడుచుకునేలా చేసి ఆ వంపుకి తేవాలి, పైగా మంచు కరిగించే సన్నటి వైర్లు అద్దం లోపలివైపు అంటి ఉంటాయి, బ్లేడ్ తగిలితే తెగిపోతాయి. సైడ్ అద్దం దాదాపు చదునుగా ఉంటుంది, కిందికి దిగుతుంది, పై అంచు చేతికి అందుతుంది. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి అద్దం కారులో లేదు. కాకపోతే మీరు మొదలుపెట్టిన డోర్ తప్పు. డ్రైవర్ అద్దం రోజూ మీ కళ్ల ముందుండేది, దాన్ని చివరికి ఉంచండి. వెనక డోర్‌తో మొదలుపెట్టండి, చెయ్యి తిరిగాక ముందుకి రండి.

చాలామంది కొత్తవాళ్లు ఫిల్మ్ అంటించడంలోనే నేర్పంతా ఉందనుకుంటారు, అందుకే గబగబా అద్దం తుడిచేసి లైనర్ (గమ్ మీద కప్పి ఉండే పారదర్శక పొర) పీకేస్తారు. నిజానికి లైనర్ పీకే సమయానికి పనిలో ముప్పావు వంతు అయిపోయి ఉండాలి. అంటించడం కొద్ది నిమిషాల పని, అది సాఫీగా సాగిందా లేదా అన్నది అంతకుముందు మీరు చేసిన శుభ్రాన్ని బట్టే ఉంటుంది. కాబట్టి నేను ఎక్కువగా చెప్పబోయేది దాని గురించే.

మీ అద్దం మీది దుమ్ము ఎక్కడిదో చూద్దాం. అద్దం మధ్యలో తుడిచారు సరే, అంచుల సంగతి? అద్దం కింది భాగంలో, అది డోర్ లోపలికి దిగే చోట ఒక రబ్బరు బీడింగ్ ఉంటుంది, దాని లోపలివైపు సన్నటి నూగులాంటి గుడ్డపట్టీ ఉంటుంది. కారు కొన్నప్పటి నుంచీ ఉన్న దుమ్మంతా దాన్లోనే. మీరు స్ప్రే కొట్టగానే ఆ దుమ్ము తడిసి, ఫిల్మ్ కింది అంచు లోపలికి దూర్చేటప్పుడు గమ్‌కి అంటుకుని, ఆ తర్వాత స్క్వీజీతో (నీళ్లు లాగేసే రబ్బరు పలకతో) లాగినప్పుడు అద్దమంతా పరుచుకుంటుంది. రెండో దారి గాలి. లైనర్ పీకగానే ఫిల్మ్ మీద స్టాటిక్ కరెంట్ పుడుతుంది, చుట్టుపక్కల గాల్లో ఉన్న నూగు, వెంట్రుక, దారప్పోగు ఏదున్నా లాక్కుంటుంది. మూడోది మీ ఒంటి మీది బట్టలు. ఉన్ని, టవల్ లాంటి నూగు రాలే బట్టలు వేసుకుని ఈ పని చేయకూడదు, చేతులు మోచేతి దాకా కడుక్కోవాలి.

అందుకని ఆరుబయట వద్దు, గాలి ఆడని చోట కారు పెట్టుకోండి. ఫ్యాన్ ఆపండి, కారులో ఏసీ ఆపండి. నేల మీద నీళ్లు చల్లితే లేచే దుమ్ము అణుగుతుంది. అద్దం ఎండలో కాలి వేడెక్కి ఉంటే నీళ్లు మీ కళ్ల ముందే ఆరిపోతాయి, ఫిల్మ్ జరపడానికి వీలుండదు, అందుకే నీడ, చల్లబడ్డ అద్దం. అలాగని మరీ చలిలోనూ వద్దు, ఫిల్మ్ బిరుసెక్కుతుంది, గమ్ త్వరగా పట్టదు.

స్ప్రే బాటిల్లో లీటరు నీళ్లకి కొన్ని చుక్కల బేబీ షాంపూ చాలు. డిస్టిల్డ్ వాటర్ దొరికితే ఇంకా మంచిది, ఉప్పునీళ్లయితే ఆరాక మరకలు మిగులుతాయి. షాంపూ మరీ ఎక్కువైతే ఫిల్మ్ జారుతూనే ఉంటుంది, గమ్ పట్టడానికి ఆలస్యమవుతుంది. మరీ తక్కువైతే పెట్టినచోటే అతుక్కుపోయి జరగనంటుంది. వేళ్ల మధ్య రుద్దితే కొంచెం జారుడుగా అనిపించాలి, నురగ కట్టకూడదు.

పాత ఫిల్మ్ తీయడం కష్టమేం కాదు, ఈ మధ్యే వేసింది కాబట్టి ఇంకా తేలిక. బయటివైపు నుంచి హీట్ గన్‌తో అద్దాన్ని గోరువెచ్చగా చేయండి, ఒకేచోట నిలపకుండా ఆడిస్తూ ఉండాలి. పై మూలలో గోటితోనో బ్లేడ్ మొనతోనో కొంచెం లేపి, వెనక్కి మడిచినట్టుగా నెమ్మదిగా లాగండి. గట్టిగా గుంజితే ఫిల్మ్ ఒక్కటే వచ్చి గమ్ అద్దానికే ఉండిపోతుంది. గమ్ మిగిలితే షాంపూ నీళ్లు బాగా కొట్టి నాననిచ్చి స్క్రేపర్‌తో గీకండి.

ఇప్పుడు అద్దం లోపలివైపు శుభ్రం, ఫిల్మ్ అంటించేది అటే. డోర్ ప్యాడ్ మీద, పవర్ విండో స్విచ్‌ల మీద మందపాటి టవల్ పరవండి, ఎందుకంటే మీరు పోసే నీళ్లన్నీ అటే కారతాయి, స్విచ్‌లోకి పోతే ఫిల్మ్ కన్నా పెద్ద తలనొప్పి. ఆ నూగుపట్టీని ముందు వాక్యూమ్ చేసి, ఆ పైన మాస్కింగ్ టేప్ అంటించేయండి, పని అయ్యేదాకా దాని దుమ్ము దాని దగ్గరే ఉంటుంది. తర్వాత అద్దం మీద ధారాళంగా నీళ్లు కొట్టి, కొత్త బ్లేడ్ వేసిన స్క్రేపర్‌ని బాగా వాల్చి పట్టుకుని, ఒకే దిక్కులో తోసుకుంటూ మొత్తం గీకండి. ముందుకీ వెనక్కీ రుద్దకూడదు, బ్లేడ్ కింద ఇరుక్కున్న ఇసుక రేణువు అద్దాన్ని గీరేస్తుంది. మీ సైడ్ అద్దం మీద ఏవైనా ప్రింట్ గీతలు, యాంటెన్నా లైన్లు ఉంటే అక్కడ బ్లేడ్ వద్దు. అయ్యాక తడి అద్దం మీద ఒట్టి అరచెయ్యి పెట్టి జరపండి. కంటికి కనిపించని గరుకు వేలికి తెలుస్తుంది. ఎక్కడైనా చెయ్యి ఆగిందంటే అక్కడ ఇంకా ఏదో ఉంది. అద్దాన్ని కొంచెం దించి పై అంచు కూడా తుడవండి, ఎప్పుడూ రబ్బరులో దాక్కునే ఆ అంచులో నల్లటి జిడ్డు పేరుకుని ఉంటుంది. ఇదంతా అయ్యాక మళ్లీ మొదటి నుంచి ఇంకోసారి. చివరిసారి నీళ్లు కొట్టి, స్క్వీజీతో పై నుంచి కిందికి లాగేసి వదిలేయండి, ఇక గుడ్డ తగలనివ్వొద్దు. ఎంత మంచి గుడ్డయినా పోగులు వదులుతుంది.

కత్తిరింపు దగ్గర కొత్తవాళ్లు భయపడతారు గానీ ఇది బయటి నుంచి చేసే పని కాబట్టి తొందరేం లేదు. ముందు ఏ వైపు లైనర్ ఉందో తెలుసుకోవాలి. ఫిల్మ్ మూలకి రెండు వైపులా చెరో టేప్ ముక్క అంటించి విడదీయండి, పారదర్శకంగా ఊడి వచ్చేది లైనర్. అద్దం బయటివైపు తడిపి, లైనర్ మీ వైపు ఉండేలా ఫిల్మ్ పరవండి. లోపల అంటించేటప్పుడు గమ్ వైపు బయటికే చూస్తుంది కదా, అందుకని ఇదే సరైన వాటం. తిరగేసి కోశారంటే ఆ ముక్క ఎదుటి డోర్‌కే పనికొస్తుంది. పక్కలా కిందా ముందు వదులుగా కోసుకోండి. పక్కల రబ్బరు లోపలికి కొన్ని మిల్లీమీటర్లు దూరేంత, కింద బీడింగ్ లోపలికి రెండు సెంటీమీటర్ల దాకా పోయేంత మిగల్చండి. తర్వాత అద్దాన్ని కాస్త దించి, పై అంచు వంపునే ఆసరాగా చేసుకుని కోయండి, ఆ అంచుకి ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి ఫిల్మ్ ఆగాలి. సరిగ్గా అంచు దాకా వేస్తే అద్దం ఎక్కి దిగేటప్పుడు రబ్బరు తగిలి లేచిపోతుంది. మూలలు కొంచెం గుండ్రంగా కోయండి. కట్టర్ బ్లేడ్ మొనని మాటిమాటికీ విరిచి కొత్త మొన తెచ్చుకోండి, మొద్దుబారిన బ్లేడ్ ఫిల్మ్‌ని కోయదు, చింపుతుంది. చేతి బరువు కూడా వేయకుండా, ఫిల్మ్ తెగేంత మాత్రమే నొక్కాలి, అద్దం మీద గీత పడకూడదు.

మీ కింది మూలలో మడత ఎందుకు వచ్చిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. బయట పరిచినప్పుడు అద్దం కొంచెం వంగి ఉన్నచోట ఫిల్మ్ వేళ్లలా నిలువుగా లేస్తుంది. దాన్ని పట్టించుకోకుండా లోపల అంటించి గట్టి ప్లాస్టిక్ కార్డుతో బలంగా తోస్తే అదే మడత. లేచినచోట బయట ఉండగానే హీట్ గన్‌ని దూరంగా పట్టుకుని ఆడిస్తూ వేడి చూపించండి, ఫిల్మ్ ముడుచుకోవడం మొదలవగానే అదే కార్డ్‌తో సర్దండి. వేడి ఎక్కువైతే ఫిల్మ్ ముడతలు పడి పాడవుతుంది, కాబట్టి రోల్ చివరి ముక్క మీద ముందు ప్రయత్నించి చూడండి.

ఇక అంటించడం. అద్దాన్ని ఒకటి రెండు అంగుళాలు దించండి. లైనర్‌ని ఒక్కసారే మొత్తం పీకొద్దు, పై సగం మాత్రమే పీకండి. పీకుతున్న కొద్దీ గమ్ మీద స్ప్రే కొడుతూ ఉండండి, ఇంకొకరు సాయం ఉంటే ఒకరు పీకాలి, ఒకరు కొట్టాలి. అద్దం మీద కూడా కారిపోయేలా నీళ్లు కొట్టండి. ఈ పనిలో నీళ్లు ఎక్కువై చెడిందంటూ ఉండదు, తక్కువైతే మాత్రం చెడుతుంది. ఫిల్మ్ పై అంచుని అద్దం అంచుకి ఆ ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి, సమాంతరంగా పెట్టి, జరుపుతూ సరిచూసుకుని, పక్కల రబ్బరు లోపలికి కార్డుతో దూర్చి, అప్పుడు పైభాగాన్ని మధ్య నుంచి పక్కలకి నాలుగైదు లాగులు లాగండి. అది పట్టుకున్నాక అద్దాన్ని మెల్లగా పైకెత్తేయండి. ఇప్పుడు కింది సగం లేపి, మిగిలిన లైనర్ పీకి, మళ్లీ రెండువైపులా తడిపి, బీడింగ్ మీది టేప్ తీసి, కింది అంచుని కార్డుతో లోపలికి తోయండి. బీడింగ్‌ని ఒక చేత్తో కొంచెం వెనక్కి లాగి పట్టుకుంటే సులువు. ఫిల్మ్ తనకి తనే అతుక్కుంటే కంగారుపడి లాగొద్దు, మధ్యలోకి నీళ్లు కొడితే విడిపోతుంది.

స్క్వీజీ లాగేముందు ఫిల్మ్ పైన కూడా తడపాలి, ఒట్టి ఫిల్మ్ మీద రబ్బరు జారదు. మధ్య నుంచి అంచులకి, ఒక లాగు మీద ఇంకో లాగు కొంచెం పడేలా, నీళ్లన్నీ బయటికి పోయేదాకా. మీ అంచుల బుడగలు ఇక్కడ మిగిలిపోయినవే, ఎందుకంటే అంచు దగ్గర చెయ్యి తిరగదు, చాలామంది అక్కడితో ఆపేస్తారు. కార్డుకి పేపర్ టవల్ చుట్టి అంచుల వెంబడి గట్టిగా నొక్కుతూ పోండి, బయటికొచ్చిన నీళ్లని అది పీల్చుకుంటుంది, లేకపోతే అవే నీళ్లు వెనక్కి లోపలికి పాకుతాయి. అద్దం కారు లోపలి నుంచి బాగుందనిపించినా బయటికి వెళ్లి కూడా చూడండి. దుమ్ము ఒకటి రెండు చోట్ల కనిపిస్తే, ఆ మూల దాకా మాత్రమే లేపి, నీళ్లు బాగా కొట్టి, తడి వేలి కొసతో ఆ రేణువు తీసి మళ్లీ పెట్టొచ్చు, గమ్ ఇంకా పట్టలేదు కాబట్టి. ఒకటి రెండు రేణువులు ఎవరి పనిలోనైనా మిగులుతాయి, వాటి కోసం మంచిగా కూర్చున్న ఫిల్మ్‌ని పదే పదే లేపకండి.

పీకిన లైనర్లు పారేయొద్దు. అవి సరిగ్గా ఆ అద్దం కొలతే, తిరగేస్తే ఎదుటివైపు డోర్‌కి నమూనా సిద్ధం.

రంగు సంగతి. రోల్ మీద రాసిన శాతం లోపలికి వచ్చే వెలుతురుది, అంకె తగ్గేకొద్దీ ముదురు. అయితే చాలామంది మరిచేది ఏమిటంటే, కారుతో వచ్చిన అద్దమే కొంత వెలుతురు ఆపుతుంది, కాబట్టి రెండింటినీ గుణించుకోవాలి. అద్దం 75 శాతం వదిలేదైతే దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే లోపలికి వచ్చేది సుమారు 37 శాతమే. చాలాచోట్ల చట్టం లెక్కలోకి తీసుకునేది ఈ చివరి అంకెనే. ఇది ఊరికో రకం దేశానికో రకం, కొన్నిచోట్ల ముందు డోర్లకి 70 శాతం వెలుతురు తప్పనిసరి, కొన్నిచోట్ల అసలు ఫిల్మే ఒప్పుకోరు. మళ్లీ రోల్ విప్పేముందు మీ దగ్గర రూల్ ఏమిటో చూసుకోండి, కష్టపడి వేసింది రోడ్డు మీద నిలబెట్టి పీకించుకోవడం ఎవరికీ వద్దు. రూల్ అనుమతించినా ముందు డోర్లకి ముదురు రంగు నేను వద్దంటాను. రాత్రి వానలో పక్క మిర్రర్‌ని చూసేది ఆ అద్దంలోంచే, నల్లబట్టలతో రోడ్డు దాటే మనిషి కనబడాల్సింది కూడా అందులోంచే.

ముదురు రంగు వేస్తేనే కారు చల్లగా ఉంటుందన్నది కూడా నిజం కాదు. చవకరకం రంగు ఫిల్మ్ వెలుతురుని ఆపినంతగా వేడిని ఆపదు, కొన్నేళ్లకి ఊదారంగుకి తిరుగుతుంది. లేతగా ఉన్న మంచి సెరామిక్ ఫిల్మ్ వేడి తెచ్చే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను దానికన్నా బాగా ఆపుతుంది. మెటల్ పూత ఉన్నవి కూడా వేడిని ఆపుతాయి గానీ ఫోన్, జీపీఎస్ సిగ్నల్‌కి అడ్డురావచ్చు. మీ రోల్ ఏ రకమో మీరు రాయలేదు. చవకరకం అయితే ఇప్పుడు ప్రాక్టీసుకి వాడేసి, చెయ్యి కుదిరాక మంచిది కొనుక్కోవడం మంచిదని నా అభిప్రాయం.

అన్నీ అయ్యాక మూడు నాలుగు రోజులు అద్దాలు దించొద్దు, చలిగా తేమగా ఉంటే ఇంకొన్ని రోజులు ఆగండి. ఇంట్లోవాళ్లు మరిచిపోయి నొక్కేస్తారు, స్విచ్‌ల మీద టేప్ వేసి పెట్టండి. మొదట్లో మబ్బుగా, చిన్న చిన్న నీటిపొక్కులతో కనిపిస్తే భయపడొద్దు, నెల దాకా టైమ్ ఇవ్వండి. ఆ నెలంతా లోపలివైపు తుడవకపోతే మేలు, ఆ తర్వాత కూడా అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వాడకండి, మెత్తటి గుడ్డ, షాంపూ నీళ్లు చాలు. వెనక డోర్ పక్కన కదలని చిన్న ముక్క అద్దం ఉంటే దాన్ని అన్నిటికన్నా చివర పెట్టుకోండి. అది కిందికి దిగదు, చుట్టూ రబ్బరే, పై అంచు చేతికి అందదు. నాలుగు డోర్లు కుదిరాక కూడా అదొక్కటి లొంగకపోతే దాన్ని షాపులో వేయించుకోండి.